ఇంటి గుట్టు, ఇంట్లో దెయ్యం: ‘ద హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ ఎందుకు తికమక పెడుతుంది?

క్లుప్తంగా: పది భాగాల ఈ సిరీస్‌లో దెయ్యాలు భయపెట్టేది కొంతే. ఒకే రాత్రి గురించి ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క తెలిసి ఉండటం, ఆ ముక్కలను ఎవరూ ఒకచోట చేర్చకపోవడం ఇందులో అసలు చిక్కు. పగ తీర్చుకునే దెయ్యాలకు అలవాటుపడిన తెలుగు ప్రేక్షకులకు ఈ అల్లిక కొత్తది. ఇంటి దోషం, చావు, గుట్టు అనే మూడింటి గురించి విశాఖ ఇళ్లలో ఉన్న నమ్మకాల పక్కన పెట్టి చూస్తే సిరీస్ తేలిగ్గా విడివడుతుంది. ముగింపుతో సహా కథలోని మలుపులన్నీ ఈ వ్యాసంలో ప్రస్తావనకు వస్తాయి.

“మెడ విరిగినావిడ ఎవరో తెలిసింది సరే, ఇంతకీ ఆ ఇంట్లో అసలు దెయ్యం ఎవరు?” 2018 అక్టోబరు 12న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన ‘ద హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ సిరీస్‌ను చివరి దాకా చూసిన తెలుగువారు సాధారణంగా అడిగే ప్రశ్న ఇది. ఎంవీపీ కాలనీ ఫ్లాటులో కూర్చుని చూసినా, గాజువాకలో అద్దె వాటాలో చూసినా ప్రశ్న మారదు. జవాబు మాత్రం సిరీస్‌లో దొరకదు. దొరకకపోవడం రచనలో లోపమని కొందరు తేల్చేస్తారు. నిజానికి ఆ ప్రశ్నే వేరే రకం కథలకు చెందినది. పొరపాటు ఎక్కడ పుడుతున్నదో చూడాలంటే ముందు కథ నడిచే తీరు చూడాలి.

ఒకే రాత్రి, ఏడుగురు మనుషులు

అమెరికన్ దర్శకుడు మైక్ ఫ్లానగన్ ఈ సిరీస్‌ను రూపొందించి పది భాగాలకూ తానే దర్శకత్వం వహించాడు. షర్లీ జాక్సన్ 1959లో ప్రచురించిన నవల దీనికి ఆధారమైనా, నవలలోని కథ ఇందులో దాదాపు లేదు. అక్కడ ఒక పరిశోధకుడు దెయ్యాల సంగతి తేల్చడానికి కొందరు పరాయివాళ్లను ఆ మేడకు పిలుస్తాడు. సిరీస్ ఆ పేర్లను మాత్రం ఉంచుకుని మనుషుల్ని మార్చేసింది. నవలలో ఒకరికొకరు ఏమీ కాని ఎలినార్, థియోడొరా, లూక్ ఇక్కడ ఒక తల్లి పిల్లలు. నవలలో మేడ కట్టించిన హ్యూ క్రేన్ పేరు ఇక్కడ ఆ పిల్లల తండ్రిది. పెద్ద కూతురికి రచయిత్రి పేరే పెట్టారు.

కథ 1992 వేసవిలో మొదలవుతుంది. హ్యూ, ఒలీవియా దంపతులు ఒక పాత మేడ కొని, బాగు చేయించి, లాభానికి అమ్మి, ఆ డబ్బుతో ఒలీవియా స్వయంగా ప్లాను గీసుకున్న సొంత ఇల్లు కట్టుకోవాలన్న ఆలోచనతో ఐదుగురు పిల్లలను వెంటబెట్టుకుని అక్కడికి చేరతారు. ఒక రాత్రి తండ్రి పిల్లల్ని నిద్రలేపి కారెక్కించి ఆ ఇంటి నుంచి పారిపోతాడు. తల్లి వాళ్లతో రాదు. తెల్లారేసరికి ఆమె లేదు. ఆ రాత్రి ఏం జరిగిందో తండ్రి ఎవరికీ చెప్పడు. ఇరవై ఆరేళ్ల తరువాత చిన్న కూతురు నెల్ ఒంటరిగా అదే ఇంటికి వెళ్లి చనిపోవడంతో, దూరం దూరంగా బతుకుతున్న మిగతావాళ్లు మళ్లీ ఒకచోట చేరవలసి వస్తుంది.

ఈ కథను వరసగా చెబితే రెండు గంటల సినిమాకు సరిపోతుంది. ఫ్లానగన్ దానిని మనుషుల వారీగా పంచాడు. మొదటి ఐదు భాగాలు ఐదుగురు పిల్లలవి, అదీ పుట్టిన వరసలో: స్టీవెన్, షర్లీ, థియో, ఆ తరువాత కవలలైన లూక్, నెల్. ఏడోది ప్రధానంగా తండ్రిది, తొమ్మిదోది తల్లిది. ఒకరి భాగంలో అర్థంలేని ఫోన్‌కాల్‌గా వినిపించినది రెండు భాగాల తరువాత అవతలి గదిలోంచి, ఫోన్ పట్టుకున్న మనిషి ముఖంతో సహా కనిపిస్తుంది. కాలం వెనకా ముందూ దూకుతున్నదని ఫిర్యాదు చేసేవారికి ఒక చిన్న గుర్తు ఉపయోగపడుతుంది. తండ్రి పాత్రకు ఇద్దరు నటులు ఉన్నారు, వయసులో ఉన్నప్పుడు హెన్రీ థామస్, పెద్దయ్యాక తిమోతీ హటన్. పిల్లలందరికీ ఇద్దరేసి ఉన్నారు. తల్లి పాత్రకు మాత్రం కార్లా గుజీనో ఒక్కతే. కాబట్టి తల్లి తెరమీద తిరుగుతున్నదంటే అది 1992 అయినా అయ్యుండాలి, లేదా తెర మీద ఉన్నది చనిపోయిన ఆమె దెయ్యమైనా అయ్యుండాలి.

పగ లేని దెయ్యం

తెలుగు తెర మీద దెయ్యానికి ఒక జీవిత చరిత్ర ఉంటుంది. మొదటి సగంలో తలుపులు వాటంతటవే కొట్టుకుంటాయి, విరామం తరువాత గతం తెరుచుకుంటుంది, అన్యాయం చేసినవాడెవడో తెలుస్తుంది, మాంత్రికుడో దేవుడో అడ్డుపడతాడు, లెక్క సరిపోతుంది. 2009లో వచ్చిన ‘అరుంధతి’లో గద్వాల కోటలో సమాధైన పశుపతి తరాల తరువాత తిరిగి వచ్చేది పగ కోసమే. 2005లో వచ్చిన ‘చంద్రముఖి’ దెయ్యాన్ని మనోవ్యాధిగా మార్చి చూపినా, ఆ వ్యాధి తొడుక్కున్న కథ మళ్లీ ఒక నాట్యగత్తె పగే. విశాఖ నేపథ్యంగా తీసి 2023 డిసెంబరు 1న ప్రైమ్ వీడియోలో విడుదల చేసిన ఎనిమిది భాగాల ‘దూత’లో పత్రిక ముక్కల మీద ముందుగానే అచ్చయి కనిపించే చావుల వెనకా పాత అన్యాయాల లెక్క ఉంది. ఆ లెక్క తెలిస్తే భయం తగ్గి న్యాయం మొదలవుతుంది. మన హారర్ కథలు చాలావరకు దెయ్యం రూపంలో నడిచే కోర్టు వ్యవహారాలు.

హిల్ హౌస్ దెయ్యాలకు క్రేన్ కుటుంబం మీద పగ లేదు. కుటుంబం వాటికి చేసిన అపకారమూ లేదు. నేలకు ఆనకుండా గాలిలో తేలుతూ, చేతికర్రతో నేలను తాకిస్తూ పోయే పొడుగు మనిషి చిన్నారి లూక్ గదిలోకి వచ్చేది లూక్‌ దగ్గరున్న తన టోపీ తనకు కావాలి గనుక. ఆ దృశ్యంలో పిల్లవాడు మంచం కింద దూరి, ఊపిరి బిగబట్టి, చప్పుడు దాటి వెళ్లిపోయిందనుకునేదాకా ఆగుతాడు. కర్ర చప్పుడు ఆగిపోయిన తరువాత గడిచే ఆ కొద్ది క్షణాలలోనే భయమంతా ఉంది. ఆ మనిషి ఎవరో, ఆ ఇంట్లో ఎలా చచ్చాడో తరువాత తెలుస్తుంది కానీ, తెలిసినందువల్ల ఎవరికీ విముక్తి రాదు. ‘దెయ్యం ఎవరు’ అన్న ప్రశ్నకు జవాబు వచ్చినా కథ ముందుకు కదలదు. ప్రేక్షకుడికి ‘ఇంకేదో మిగిలిపోయింది’ అన్న అసంతృప్తి కలిగేది ఇక్కడే.

ఇంకో తంటా ఏమిటంటే, పదుల సంఖ్యలో దెయ్యాలను దర్శకుడు దృశ్యాల వెనక భాగంలో, ఎవరూ వేలెత్తి చూపకుండా, నిలబెట్టి ఉంచాడు. మెట్ల కింద ఒక ముఖం, అద్దాల తలుపు వెనక ఒక చెయ్యి. సంగీతం హెచ్చరించదు, కెమెరా అటు తిరగదు. కంటి చివరన ఏదో ఉన్నట్టు తోచి, అటు చూసేసరికి దృశ్యం మారిపోతుంది. మధ్యాహ్నం పూట కిటికీలు తెరిచి, సముద్రం మీంచి వచ్చే ఎండ వెలుగులో ఫోన్‌లో చూస్తే వాటిలో ఒక్కటీ కనబడదు. ‘ఇందులో భయమేముంది’ అనేవారిలో కొందరు అలా చూసినవారే అయ్యుంటారు.

దోషం ఇంటిదా, మనిషిదా?

‘దెయ్యాల కొంప’ అన్న మాట తెలుగులో ఉన్నా, ఇల్లే చెడ్డదన్న ఆలోచన ఇక్కడ సూటిగా ఉండదు. కీడు ఇంటికి ఎక్కడి నుంచో రావాలి. వాస్తు ప్రకారం అది దిక్కులోంచి వస్తుంది: ఈశాన్యం మూత పడింది, వీధిపోటు ఉంది, మెట్లు తప్పు వైపు తిరిగాయి. నక్షత్రం ప్రకారం అది చావు ఘడియలోంచి వస్తుంది. ధనిష్ఠ మొదలు రేవతి వరకూ ఉన్న ఐదు నక్షత్రాలలో ఎవరైనా పోతే ‘ధనిష్ఠా పంచకం’ అని, ఆ ఇంటిని కొన్ని నెలలు వదిలిపెట్టాలనే ఆచారం ఇప్పటికీ ఉంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో ‘చిల్లంగి’ (చేతబడి) అన్న మాట కీడును ఇంటి గోడల మీద నుంచి తీసి నేరుగా ఒక మనిషి నెత్తిన పెడుతుంది. ఆ ముద్ర పడిన నిరుపేదలు దాడులకు గురైన సంగతి తెలిసినదే. దెయ్యాల కథల్లో ఇంతకన్నా భయంకరమైనది లేదు.

ఈ పద్ధతులన్నింటికీ ఒక పరిహారం ఉంటుంది. గోడ పగలగొట్టడం, శాంతి చేయించడం, ఇల్లు వదలడం. క్రేన్ కుటుంబానికి ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే ఇల్లు వాళ్లకు పెట్టుబడి. మొదటి నెలలోనే తల్లికి తలనొప్పులు, పిల్లలకు పీడకలలు మొదలైనా, పని పూర్తిచేసి అమ్మేదాకా కదలడానికి లేదు. ఆ ఇంటికి కాపలా ఉండే డడ్లీ దంపతులు చీకటి పడ్డాక ఆ గడప లోపల ఉండరు. ఊరివాళ్లకు తెలిసిన జాగ్రత్త కొన్నవాళ్లకు లేదు. అప్పు తెచ్చి కొన్న ఫ్లాటులో పైవాటా నుంచి నీరు కారుతున్నా, అమ్ముడుపోదన్న భయంతో ఎవరికీ చెప్పకుండా రంగు వేసి కాలక్షేపం చేసే విశాఖ యజమానికి ఈ ఇరకాటం వేరే వివరించనక్కర్లేదు.

చెమ్మ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మేడ బాగుచేస్తున్న హ్యూకు గోడ లోపల నల్లటి బూజు కనిపిస్తుంది. ఎంత గోకినా అది ఇంకా లోపలికి పోయి ఉంటుంది. సముద్రతీర నగరాల్లో ఈ దృశ్యం దెయ్యం అక్కర్లేకుండానే భయపెట్టగలదు. ఉప్పు గాలిలోని క్లోరైడులు కాంక్రీటులోకి ఇంకి లోపలి ఇనప చువ్వను చేరతాయి, చువ్వ తుప్పుపడుతుంది, తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి నుంచి ఒత్తిడి పెరిగి స్లాబు పెచ్చులుగా ఊడుతుంది. బీచ్ రోడ్డు వైపు పాత ఇళ్లలో అర్ధరాత్రి ఒక పెచ్చు గచ్చు మీద పడిన చప్పుడుకు ఇంటిల్లిపాదీ లేచి కూర్చోవడం వింతేమీ కాదు. వానాకాలంలో చెక్క నీరు పీల్చి ఉబ్బి, తలుపు చట్రంలో బిగుసుకుపోతుంది. హిల్ హౌస్‌లో ఎన్ని తాళంచెవులు పెట్టినా తెరుచుకోని ఎర్ర తలుపును చూసి, శ్రావణ మాసంలో స్నానాలగది తలుపు గుర్తుకు వచ్చినవారూ ఉంటారు.

పాత కట్టడాల్లో కలిగే గుబులుకు భౌతిక కారణాలు వెతికినవారున్నారు. ఇంగ్లండులోని కోవెంట్రీలో పనిచేసిన ఇంజనీరు విక్ టాండీకి తన ప్రయోగశాలలో ఒక రాత్రి కంటి చివరన బూడిదరంగు ఆకారం కనిపించింది. మర్నాడు అక్కడే బిగించిన కత్తి దానంతటదే కంపిస్తుండటం గమనించి ఆరా తీయగా, కొత్తగా పెట్టిన గాలిపంకా సెకనుకు దాదాపు 19 కంపనాల శబ్దం పుట్టిస్తున్నదని తేలింది. మనిషి చెవికి అందే శబ్దం సుమారు 20 కంపనాల దగ్గర మొదలవుతుంది. అంతకన్నా తక్కువది వినపడకుండానే ఒంటిని తాకుతుంది. ఆయన 1998లో దీనిని ప్రచురించాడు. తరువాతి పరీక్షల్లో ఫలితాలు ఒకేలా రాలేదు కాబట్టి దెయ్యాలన్నింటినీ పంకాల ఖాతాలో వేయడం తొందరపాటు అవుతుంది.

ఎర్ర గది

సిరీస్‌లో ఎక్కువమందిని తికమక పెట్టేది ఈ గదే. పిల్లలకు ఆ ఇంట్లో తలా ఒక ఇష్టమైన చోటు ఉంటుంది. లూక్‌కు చెట్టు మీది గూడు, థియోకు నాట్యం చేసుకునే గది, నెల్‌కు బొమ్మల గది, స్టీవెన్‌కు ఆటల గది, తల్లికి చదువుకునే గది. ఒకరి చోటులోకి మరొకరు వచ్చిన దృశ్యం దాదాపు ఉండదు. అన్నింటిలోనూ ఒకే ఆకారంలో ఉన్న నిలువు కిటికీ మాత్రం ఉంటుంది. చివరి భాగంలో తేలేది ఏమిటంటే, అవన్నీ ఒకే గది, ఎవరూ తెరవలేకపోయిన ఆ ఎర్ర తలుపు గది. వచ్చినవారికి ఏది కావాలో ఆ రూపం వేసుకుని వారిని కదలకుండా కూర్చోబెట్టడం దాని పని. నెల్ దానిని ఇంటి పొట్టతో పోలుస్తుంది: మింగినవాటిని అది నింపాదిగా అరిగించుకుంటుంది.

ఈ ఉపాయం తెలివైనది. కుటుంబం అంతా ఒకే గదిలో గడిపినా ఎవరూ ఎవరినీ కలుసుకోలేదన్న విషయాన్ని మాటల్లో చెబితే ఉపన్యాసం అయ్యేది. హాలులో ఒకే సోఫా మీద నలుగురు నాలుగు ఫోన్లు చూసుకుంటూ కూర్చునే ఇళ్లకు దీని అర్థం విడమరచి చెప్పాలా?

రెండు తుపానులు, ఒక శవపేటిక

ఆరో భాగానికి ‘రెండు తుపానులు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. నెల్ అంత్యక్రియలకు ముందు రాత్రి, షర్లీ నడిపే శవసంస్కార గృహంలో కుటుంబం మొత్తం చాలా ఏళ్లకు ఒకచోట చేరుతుంది. బయట గాలివాన. అదే సమయంలో 1992 నాటి మరో గాలివాన రాత్రి హిల్ హౌస్‌లో చిన్ననాటి నెల్ కాసేపు కనబడకుండా పోతుంది. ఈ భాగం చాలావరకు ఐదు సుదీర్ఘమైన షాట్లతో నడుస్తుంది. కోత లేకుండా నిమిషాల తరబడి కెమెరా ఒకరి నుంచి ఒకరికి తిరుగుతుంటుంది. రెండు ఇళ్ల సెట్లను కలిపి కట్టడం వల్ల, ముసలి తండ్రి వర్తమానంలోని నడవలో నడుస్తూ నడుస్తూ, కోత లేకుండానే, 1992 నాటి మేడలోకి అడుగుపెడతాడు.

కోత లేకపోవడానికీ భయానికీ సంబంధం ఉంది. మామూలు హారర్ దృశ్యంలో షాట్ మారినప్పుడల్లా ప్రేక్షకుడికి తెలియకుండానే ఒక ఊపిరి దొరుకుతుంది. ఇక్కడ అది దొరకదు. తోబుట్టువులు మాటా మాటా అనుకుంటుంటే కెమెరా గది చుట్టూ తిరిగి వచ్చేసరికి శవపేటిక పక్కన ఎవరో నిలబడి ఉంటారు; ఇంకో చుట్టు తిరిగేసరికి ఉండరు. పోట్లాట ఆగదు. బంధువుల మధ్య నుంచి లేచి వెళ్లిపోవడానికి వీలులేని రాత్రి ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

సిరీస్ విడుదలైన తేదీకి సరిగ్గా నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలులతో విశాఖ దగ్గరే తీరం దాటింది. కైలాసగిరి, సింహాచలం కొండల మీద చెట్లు నేలకూలాయి, విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. తేదీల పొంతన కేవలం యాదృచ్ఛికం. కానీ గాలి అల్యూమినియం కిటికీని చట్రంతో సహా లోపలికి నెడుతుంటే బీరువా అడ్డంపెట్టి, పిల్లల్ని నడిమి గదిలో కూర్చోబెట్టి, కొవ్వొత్తి వెలుగులో పొద్దు గడిపినవారు ఆరో భాగాన్ని మిగతావారి కన్నా భిన్నంగా చూస్తారు. మేడలో వేలాడే దీపాల గుత్తి పగిలి పడినప్పుడు వారికి గుర్తొచ్చేది దెయ్యం అయ్యుండదు.

శవసంస్కార గృహం సంగతి మాత్రం మన ప్రేక్షకులకు పరాయిదే. పెద్దక్క వరసైన షర్లీ చెల్లెలి శవానికి తన చేతులతో రసాయనాలు ఎక్కించి, రంగు దిద్ది, పేటికలో పడుకోబెడుతుంది. అదే కట్టడంలో పైన ఆమె కాపురం. ఇక్కడ చావు ఇంట్లోనే జరిగిపోయి, చాలా కులాల్లో ఆ రోజే దహనం ముగిసేది. అమెరికాలో ఉన్న కొడుకు రావాలి కాబట్టి ఇప్పుడు హాలులో ఫ్రీజర్ బాక్సు చేరింది. గాజు మూత మీద చెమ్మ పట్టడం, ఎవరో ఒకరు తుండుగుడ్డతో తుడవడం, మోటారు గుర్రుమని ఆగి మళ్లీ అందుకోవడం, ఆ చుట్టూ ప్లాస్టిక్ కుర్చీల్లో విమానం ఎక్కడిదాకా వచ్చిందని లెక్కలు వేసుకోవడం: ఇరవై నాలుగు గంటల ఈ ఎదురుచూపులో పాత ఆస్తి తగాదాలు లేచిన ఇళ్లకు ‘రెండు తుపానులు’ విదేశీ కథలా అనిపించదు. అద్దె ఇళ్లలో దీనికి తోడు మరో ముడి ఉంది. చనిపోయిన అద్దెదారు శవాన్ని గేటు లోపలికి రానివ్వని యజమానులు మన పట్టణాల్లో ఉన్నారు. ఇల్లు మైలపడుతుందన్నది పైకి చెప్పే కారణం, మళ్లీ అద్దెకు ఎవరూ రారన్నది లోపలి కారణం.

గుండెల మీద కూర్చున్నది

నెల్‌కు చిన్నప్పటి నుంచి మెడ విరిగిన స్త్రీ కనిపిస్తుంది. నిద్రలో మెలకువ వచ్చి, ఒళ్లు కదలక, ఆ ఆకారాన్ని చూస్తూ పడుకుని ఉండిపోతుంది. సిరీస్ దీనికి వైద్యభాషలోని పేరే (స్లీప్ పెరాలిసిస్) వాడుతుంది. కలలు వచ్చే నిద్ర దశలో, కలలోని పరుగు మంచం మీద జరగకుండా మెదడు కండరాలను కట్టడి చేస్తుంది. కొన్నిసార్లు మెలకువ ముందే వచ్చి, కట్టు సడలడం ఆలస్యమవుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, గది గదిలాగే కనిపిస్తుంది, కలలోని బొమ్మ మాత్రం ఇంకా చెరగదు, ఛాతీ మీద బరువు. కొన్ని క్షణాల నుంచి ఒకటి రెండు నిమిషాల్లో అది తొలగిపోతుంది. ‘దెయ్యం గుండెల మీద కూర్చుంది’ అని మన పెద్దలు చెప్పేది చాలావరకు ఇదే. నిద్ర చాలకపోయినా, వేళలు తారుమారైనా ఇది ఎక్కువవుతుంది; ఉక్కు కర్మాగారంలోనో, పోర్టులోనో రాత్రి షిఫ్టులు మారుతూ పనిచేసేవారి ఇళ్లలో ఈ అనుభవం కొత్త కాదు.

సిరీస్ ఇక్కడ ఒక మెలిక పెట్టింది. ఐదో భాగం చివర్లో, ఆ మెడ విరిగిన స్త్రీ నెల్ తానేనని తెలుస్తుంది. చనిపోయిన క్షణం నుంచి ఆమె వెనక్కి, తన బాల్యపు మంచం దాకా, కాలంలో పడుతూ పోతుంది. వైద్యం చెప్పిన కారణమూ నిజమే, దెయ్యమూ నిజమే అన్నట్టు కథ రెండింటినీ ఉంచుకుంది. అలా రెండు పడవల మీద కాళ్లు పెట్టడం సిరీస్ బలహీనత అనవచ్చు. నెల్‌కు నయం చేయగలిగే దారి ఉన్నట్టు చూపి, చివరికి విధిని ముందే రాసి పెట్టినట్టు చేసింది. చినవాల్తేరు మానసిక వైద్యశాల పేరును వేళాకోళానికి వాడుకునే ఊరిలో, వైద్యుడి దగ్గరికి వెళ్లినా లాభం లేదన్న సూచన తేలికైనదేమీ కాదు.

ఐదుగురు, ఐదు దశలు

ఐదుగురు తోబుట్టువులు దుఃఖంలోని ఐదు దశలకు గుర్తులని ఫ్లానగన్ ధ్రువీకరించాడు. జరిగినదానిని ఒప్పుకోని స్టీవెన్, కోపంతో ఉడికిపోయే షర్లీ, ఏదో ఒక బేరం పెట్టుకునే థియో, కుంగుబాటులో మత్తుకు అలవాటుపడిన లూక్, అంగీకారానికి చేరిన నెల్. ఈ ఐదు దశలను ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో ప్రచురించిన పుస్తకం ప్రచారంలోకి తెచ్చింది. చావు దగ్గరపడిన రోగులతో మాట్లాడి ఆమె రాసినదానిని తరువాత బతికి ఉన్నవారి దుఃఖానికీ అంటగట్టారు. అందరూ ఇదే వరసలో దుఃఖపడరని మనస్తత్వ నిపుణులు చాలాకాలంగా చెబుతున్నారు. కథకుడికి ఆ వరస పనికొచ్చింది, అంతవరకే. పదో రోజు, పదకొండో రోజు, మాసికం, సంవత్సరీకం అంటూ దుఃఖానికి క్యాలెండరు కట్టిన మన పద్ధతికీ దీనికీ ఒక తేడా ఉంది: క్యాలెండరు మనిషి మనసులో ఏముందో అడగదు, ఆ రోజున పీట మీద కూర్చోమంటుంది. క్రేన్ పిల్లలకు తల్లి పోయినప్పుడు కూర్చోవడానికి అలాంటి పీట ఏదీ దొరకలేదు.

గుట్టు ఎవరి దగ్గర దాచాలి

‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్న సామెత విభీషణుడి కథలోంచి వచ్చింది. గుట్టు బయటికి పొక్కితే ఇల్లు కూలుతుందన్నది దాని భావం. ఆ ప్రకారం హిల్ హౌస్‌లో ద్రోహి పెద్ద కొడుకు స్టీవెన్. దెయ్యాలను నమ్మకపోయినా చెల్లెళ్లు, తమ్ముడు చెప్పుకున్నవన్నీ పోగుచేసి పుస్తకం రాసి డబ్బు, పేరు సంపాదించాడు. షర్లీ ఆ డబ్బును నెత్తుటి కూడులా చూసి తోసేస్తుంది. ఆమెకు తెలియకుండా భర్త తీసుకున్న సంగతి సరిగ్గా శవపేటిక ముందు బయటపడుతుంది.

అయితే సిరీస్ నడిచేకొద్దీ నేరం మరో వైపు తిరుగుతుంది. స్టీవెన్ బయటపెట్టినది అసలు గుట్టు కానే కాదు, ఎందుకంటే అతనికీ అది తెలియదు. లూక్‌కు అడవి వైపు నుంచి వచ్చే అబిగెయిల్ అనే స్నేహితురాలు ఉండేది. పిల్లవాడి ఊహ అని ఇంట్లో అందరూ తేల్చేశారు. ఆమె డడ్లీ దంపతుల సొంత కూతురు. తెలివి తప్పిన ఒలీవియా, తన కవలలను ఈ పాడు లోకం నుంచి ‘మేలుకొలపాలని’ విషం కలిపిన తేనీరు పోసిన ఆ రాత్రి, ముందుగా తాగి చనిపోయినది అబిగెయిల్. తండ్రి సమయానికి వచ్చి కవలలను కాపాడాడు. ఆ తరువాత భార్య మీద నింద రాకుండా, పిల్లలకు తల్లి జ్ఞాపకం చెడకుండా నోరు మూసుకున్నాడు. ఆ మౌనం ప్రేమతో చేసినదే. ఫలితం మాత్రం ఇరవై ఆరేళ్ల పాటు పిల్లలు తమ తండ్రిని పిరికివాడనో హంతకుడనో అనుమానించడం, లూక్ తాను చూసినది నిజమని ఎవరితోనూ అనిపించుకోలేకపోవడం.

లంక వైపు తలుపు మూయడమూ ఇంటి లోపలి గదుల మధ్య తలుపులు మూయడమూ ఒకటే అనుకోవడంలో వచ్చిన చేటు ఇది. సామెత మొదటిదాని గురించి మాత్రమే చెప్పింది. మన ఇళ్లలోనూ ‘పిల్లలకెందుకు ఇవన్నీ’ అనే మాట కింద తాతగారి అప్పు, మేనత్త బావిలో పడిన సంగతి, ఆసుపత్రిలో గడిపిన రెండు నెలలు మరుగున పడిపోతుంటాయి. పిల్లలు వాటిని మరచిపోరు; తెలిసీ తెలియని ముక్కలతో తమకు తామే ఒక కథ అల్లుకుంటారు. సిరీస్‌లో మొదటి ఐదు భాగాలు అలా అల్లుకున్న ఐదు కథలే. వాటిలో దెయ్యాలు ఎక్కువ. తండ్రి, తల్లి భాగాలకు వచ్చేసరికి దెయ్యాలు తగ్గి సంఘటనలు పెరుగుతాయి.

కేకు రంగు, మేడ భవితవ్యం

చివరి భాగంలో తండ్రి తన ప్రాణం ఇచ్చి పిల్లల్ని ఎర్ర గదిలోంచి బయటికి పంపుతాడు. తరువాత, లూక్ మత్తు మానేసి రెండేళ్లయిన సందర్భంగా మిగిలినవారంతా కేకు కోస్తారు. కేకు రంగు ఎరుపు. వాళ్లు నిజంగా బయటపడ్డారా, ఇంకా ఆ గదిలోనే ఉన్నారా అన్న వాదన అక్కడ పుట్టింది. ఆ దృశ్యం వెనక ఎర్ర గది కిటికీని పెట్టాలని మొదట అనుకుని, అది మరీ క్రూరమని మానుకున్నట్టు ఫ్లానగన్ స్వయంగా చెప్పాడు కాబట్టి, సుఖాంతమే అతని ఉద్దేశమనుకోవాలి. రెండో కథగా 2020 అక్టోబరులో వచ్చిన ‘ద హాంటింగ్ ఆఫ్ బ్లై మేనర్’లో కొందరు నటులు వారే అయినా మనుషులు వేరు, ఇల్లు వేరు; క్రేన్ కుటుంబం గురించి అందులో ఏమీ దొరకదు.

ఇక ఆ మేడ. తండ్రి దానిని తగలబెట్టలేదు, అమ్మలేదు. చనిపోయిన తమ కూతురు ఆ గడప లోపలే కనిపిస్తుంది కాబట్టి ఇల్లు నిలిచి ఉండాలని డడ్లీ దంపతులు ప్రాధేయపడ్డారు. చివర్లో ముసలి భర్త, ప్రాణం పోబోతున్న భార్యను చేతుల మీద మోసుకుని, కూతురి దగ్గరే కన్నుమూయడానికి ఆ చీకటి మేడలోకి తీసుకువెళ్తాడు. అమ్ముకోవడానికి కొన్న ఇల్లు అలా ఎప్పటికీ అమ్మకూడని ఇల్లుగా మిగిలిపోయింది. పెదవాల్తేరు, మహారాణిపేట వైపు పాత ఇళ్లకు ఆ బెడద లేదు. పెద్దలు పోయాక అన్నదమ్ములు సంతకాలు పెట్టి స్థలాన్ని డెవలప్‌మెంటుకు ఇస్తారు, కూలగొట్టే రోజున ముందుగా టేకు తలుపులు, ద్వారబంధాలు ఊడదీసి పాత కలప కొట్టుకు తోలతారు, గోడకు పటాలు వేలాడిన చోట మాత్రం వెల్లవేసినప్పటి తెలుపు నాలుగు పలకలుగా కాసేపు కనిపిస్తుంది, ఆ గోడ కూడా పడేదాకా.